మూడింటికి ఆరు కొట్టింది

పోయినవారం మనం గడియారాలాయన్ని మంచం మీద, చేతిలో ఫోనుతో, నోట మాట రాని స్థితిలో వదిలేసి వచ్చాం. మనకి వారం గడిచింది గానీ ఆయనకి గడిచింది ఒక్క రాత్రే. అదీ గడవనంటూ గడిచింది.

గుర్తుందిగా, వెన్నెముక ఆపరేషనయి పదకొండు రోజులు. నడుం దగ్గర అరిగిపోయిన పూసలు రెండింటిని కలిపి, నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు వేసి బిగించారు. ముప్పై అయిదేళ్ళు గడియారాల మీదికి వంగి స్క్రూలు బిగించిన మనిషికి చివరికి వెన్నులోనే స్క్రూలు పడ్డాయని బజారంతా నవ్వుకుంది. ముందు నవ్వింది ఆయనే. ఇంటికొచ్చాక ఆ నవ్వు పోయింది. ఆసుపత్రిలో పక్క మంచం పేషెంటుకి నొప్పి తెలియకుండా గట్టి మాత్రలిచ్చారు, నాకెందుకివ్వరు అని నిన్న ఫోను చేసి నర్సమ్మని నిలదీశాడు. ఆవిడ కాగితాలు తిరగేసి, "మత్తెక్కించే నొప్పి మాత్రలేవీ ఇవ్వొద్దని మీ అమ్మాయే రాసిచ్చారు కదండీ, కింద మీ సంతకం కూడా ఉంది" అంది. చదవకుండా సంతకం పెట్టడం ఆయనకి అలవాటే. కానీ తన బాధ తీరకుండా అడ్డం పడింది కన్నకూతురన్న మాట మాత్రం మింగుడు పడలేదు.

కూతురు మందుల షాపులో ఫార్మసిస్టు. రాత్రి ఆమె ఇంటికొచ్చేసరికి ఆయనకి అప్పుడే కాస్త కునుకు పట్టింది, పొద్దున ఆయన కళ్ళు తెరిచేసరికి ఆమె వెళ్ళిపోయింది. మధ్యాహ్నం రెండింటికి అన్నానికొస్తుంది. అప్పుడు అడుగుదామని గోడ మీది గడియారం వైపు చూస్తూ పడుకున్నాడు.

ఆ గడియారం ఆయన పెళ్ళికి ముందే కొన్నది. పొడవాటి చెక్కపెట్టె, లోలకం, గంటకోసారి మోగే గంటలు. ముందుగదిలో మంచానికి ఎదురుగా ఉంటుంది. దాని కిందే కూతురు చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. జ్వరం మాత్ర ఆరేసి గంటలకొకసారి, నొప్పి ఉన్నా లేకపోయినా. నరాల క్యాప్సూల్ పడుకునే ముందు. ఐసు సంచీ తొమ్మిదింటికి, మూడింటికి, తువ్వాలులో చుట్టి పావుగంట. నడక రోజుకి అయిదుసార్లు, బెల్టు పెట్టుకునే. లేవాలంటే నడుం మెలితిప్పకుండా దుంగలా పక్కకి దొర్లి, కాళ్ళు దించి, మోచేతి మీద లేవాలి. ఈ దొర్లుడు నేర్చుకోవడానికి ఆయనకి మూడు రోజులు పట్టింది. పుట్టిన మూడో నెలలో వచ్చిన విద్య అరవై రెండో ఏట మళ్ళీ నేర్చుకోవాల్సొచ్చిందే అని భార్య ముందు వాపోయాడు కూడా.

"వెన్ను కోసి కుట్టినవాడికి జ్వరం మాత్రా?" అని మొదట్లో ఎగిరాడు. కూతురు చలించలేదు. "నొప్పి వచ్చాక తరమడం కష్టం నాన్నా. రాకముందే టైముకి వేస్తూ ఉంటే అదే తగ్గుతుంది. సున్నా చెయ్యలేం. నువ్వు లేచి నాలుగడుగులు వేసేంత తగ్గిస్తాం అన్నాడు డాక్టరు, విన్నావుగా" అంది. రోజూ రెండుపూటలా "నొప్పి పదికి ఎంత?" అని అడిగి నోటుబుక్కులో రాసుకునేది. "గడియారంలో పన్నెండుంటే నీ దగ్గర పదేనేంటే?" అని ఆయన సణిగేవాడు. నిజం చెప్పాలంటే ఎనిమిదిలో ఉన్నది ఆరుకి దిగింది, అప్పుడప్పుడు అయిదు కూడా అయింది. ఆ సంగతి కూతురి ముందు ఒప్పుకోవడానికి మాత్రం ఆయనకి మనసొప్పేది కాదు.

కష్టమంతా మాత్రకి ముందు ఆఖరి గంటతోనే. నడుంలో మొదలైన సలుపు ఎడమ పిరుదు మీదుగా పిక్క దాకా సన్నటి తీగ పెట్టి లాగినట్టు లాగేది. పళ్ళ బిగువున ఓర్చుకుంటూ గడియారం వంకే చూసేవాడు. ఆయన ముఖం అలా చూడలేకే భార్య ఒక దొంగపని మొదలుపెట్టింది.

మొదటిసారి మూడు రోజుల కిందట. ఆయన కళ్ళు మూసుకున్నాడు గానీ నిద్రపోలేదు. ఆవిడ పిల్లిలా వచ్చి, స్టూలెక్కి, గడియారం అద్దం తలుపు తీసి, పెద్దముల్లుని వేలితో ముందుకి తోసింది. టంగుటంగుమని గంటలు మోగాయి. దిగొచ్చి, ఏమీ ఎరగనట్టు, "ఏమండీ, లేవండి, పన్నెండయింది, మాత్ర" అంది. అప్పటికి ఇంకా పదకొండు దాటి పది నిమిషాలే. ఆయనకి తెలుసు. తెలిసీ నోరు తెరిచి మాత్ర వేసుకున్నాడు. ఆ యాభై నిమిషాలు ఆయనకి ఎవరో దానం చేసినట్టే అనిపించింది. కాస్త కునుకు పట్టగానే ఆవిడ మళ్ళీ స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పేసింది. కూతురొచ్చి చూస్తే దొరికిపోతుందని భయం.

అక్కడే ఆయనకి ప్రాణం చివుక్కుమంది. ముల్లు వెనక్కి తిప్పడమంటే ఆయన లెక్కలో హత్యతో సమానం. పైగా ఈ పాతరకం గడియారంలో ముళ్ళ దారి వేరు, గంటల దారి వేరు. పెద్దముల్లు పన్నెండు మీదికి వచ్చినప్పుడల్లా "ఊఁ, కొట్టు" అని మాత్రమే చెబుతుంది, ఎన్ని కొట్టాలో చెప్పదు. ఎన్ని కొట్టాలో గంట లోపల ఒక గాట్ల చక్రం చూసుకుంటుంది. ఒకటయ్యాక రెండు, రెండయ్యాక మూడు, దానికి తెలిసిందంతే. ముల్లు వెనక్కి తిప్పి మళ్ళీ అదే గంట మీదికి తెస్తే, ఇంకో గంట గడిచిందనుకుని తర్వాతి లెక్క కొట్టేస్తుంది. ఆవిడ తిప్పినప్పుడల్లా ఒక్కో గంట ఎక్కువ. ఈ సంగతి ఆవిడకి తెలియదు. ముల్లు చూస్తుంది గానీ గంటలు ఏనాడూ లెక్కపెట్టదు.

నిన్న సాయంత్రం రెండోసారి తిప్పింది. మాత్ర వేసుకుని ఆయన ఓ కునుకు తీసి లేచి చూస్తే ముళ్ళు సరిగ్గా ఆరు మీదున్నాయి. ఇంకా నిద్రమత్తులో, "ఆరయిందిగా, మాత్రేదే?" అన్నాడు. ఆవిడ కంగారుపడి, కూతురు గదులు గదులుగా సర్దిపెట్టిన ప్లాస్టిక్ డబ్బా తెచ్చి చూపించింది. ఆరింటి గది ఖాళీ. "ఇందాకే వేసుకున్నారు కదండీ. డబ్బాలో లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే మీ ముఖం చూసి మళ్ళీ ఇచ్చేసేదాన్నే" అంటూ తనలో తానే నవ్వుకుంది. ఆయన కూడా నవ్వాడు.

ఇవాళ పదకొండింటికి మూడోసారి. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. నడుం గట్టిపడ్డాక తానే స్టూలెక్కి గంటలు సరిచెయ్యొచ్చులే, ముసలిదాని ముచ్చట ఎందుకు కాదనాలి అనుకున్నాడు.

రెండున్నర దాటాక కూతురు వచ్చింది. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ముందు డబ్బా తీసి చూసింది. తర్వాత నోటుబుక్కు తెరిచింది. తల్లి డాబా మీద బట్టలు ఆరేస్తోంది. పైనుంచి తడిబట్టలు జాడించిన చప్పుడు వినిపిస్తోంది.

"ఎంత నాన్నా?"

"అయిదు."

"భలే. నడిచావా?"

"నడిచా. గుమ్మం దాకా రెండుసార్లు." ఆగాడు. "నర్సుకి ఫోను చేశా నిన్న."

కూతురి పెన్ను ఆగింది.

"గట్టి మందు ఇవ్వొద్దని నువ్వు రాసిచ్చావట. నా సంతకంతోనే."

"అవును" అంది ఆమె తల ఎత్తకుండా.

"అడగొచ్చుగా నన్ను. ఆపరేషనయిన మర్నాడు నేనెలా అరిచానో విన్నావు. గుమ్మం బయట నిలబడి విన్నావు, నాకు తెలుసు. పక్కాయన మాత్ర వేసుకుని హాయిగా గురకపెట్టాడు. నేను కప్పు వంక చూస్తూ గంటలు లెక్కపెట్టుకున్నా. అంత కసేంటే నీకు నామీద?"

"కసా?" ఆమె నోటుబుక్కు మూసింది. గొంతు మామూలుగానే ఉంది గానీ మెడ దగ్గర నరం కొట్టుకోవడం ఆయనకి కనిపించింది. "కసి ఉంటే ఉందేమో నాన్నా. అన్నయ్య ఇదే మంచం మీద పడుకుని ఏడుస్తుంటే నువ్వేమన్నావో నీకు గుర్తుందా?"

గుర్తుంది. మరిచిపోయిన రోజు లేదు. పెద్దాడు ఇళ్ళ సామాన్లు మార్చే లారీ మీద పనిచేసేవాడు. బీరువా దించుతుంటే కాలు జారి నడుం విరిగినంత పనైంది. ఆపరేషను తేదీ కోసం ఎదురుచూస్తూ రెండు నెలలు ఈ మంచం మీదే ఉన్నాడు. ఆయన రోజూ షాపుకి వెళ్తూ గుమ్మంలో నిలబడి, "మగపిల్లాడివి, నడుంనొప్పికి ఇంత గోలేంట్రా, ఓర్చుకో" అనేవాడు. అయిదేళ్ళయింది. ఆ నడుంనొప్పి ఏమిటో ఆయనకి ఈ పదకొండు రోజుల్లో ఎముక ఎముకకీ తెలిసొచ్చింది. వాడుంటే చేతులు పట్టుకుని తప్పయిపోయిందిరా అని చెప్పుకునేవాడు. ఆ మాట చెప్పుకోవడానికి వాడు లేడు.

"గుర్తుంది" అన్నాడు.

"అన్నయ్య పోయినరోజు ఏం చేశావో కూడా గుర్తుందా? గదినిండా మనుషులు, మధ్యలో అన్నయ్య. నువ్వు స్టూలెక్కి గడియారం తెరిచి గంటలు కొట్టిస్తూ నిలబడ్డావు. ఒకటి కాదు రెండు కాదు, అలా కొడుతూనే ఉంది. అత్తయ్య చెవులు మూసుకుంది. కొడుకు పోతే గడియారం బాగుచేసుకుంటున్నాడు, మనిషేనా అన్నారు. నేనూ అదే అనుకున్నా. ఇన్నేళ్ళూ అదే అనుకుంటున్నా."

 ఆ రోజు ఆయనకి ఎవరి ముఖం చూడాలో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గడియారం తప్పు కొట్టింది. ప్రపంచంలో తనకి సరిచెయ్యడం చేతనైనది అదొక్కటే కనిపించింది. లేచి సరిచేశాడు.

"చేతులు ఊరుకోలేదమ్మా" అన్నాడు.

 ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆయన ముఖం కనిపించకుండా మంచంకోడుకి వీపు ఆనించింది.

"నాన్నా, అన్నయ్య పోయింది గుండె ఆగి కాదు."

పైన బట్టలు జాడించే చప్పుడు ఒకసారి ఆగి, మళ్ళీ మొదలైంది.

"గుండె ఆగిందన్నాడు వచ్చిన డాక్టరు. చివరికి ఎవరికైనా ఆగేది గుండేగా, నేను నోరు మూసుకున్నా. మాత్రల వల్ల పోయాడు నాన్నా. నేను తెచ్చిన ఆ గట్టి మాత్రల వల్ల. డాక్టరు రాసింది పది రోజులకే. పదకొండో రోజు నా కాళ్ళు పట్టుకున్నాడు. నాకంటే ఆరేళ్ళు పెద్దవాడు, నన్ను భుజాన ఎత్తుకుని తిప్పినవాడు, నా కాళ్ళు పట్టుకున్నాడు. చీటీ లేకుండా షాపులోంచి తెచ్చిచ్చా. అలా యాభై రోజులు. ఇది చెయ్యకూడదని నాకు తెలుసు. కౌంటరు మీద ఇంకెవరడిగినా కుదరదని చెప్పి పంపేస్తా. అన్నయ్యకి చెప్పలేకపోయా."

ఆయన చెయ్యి చాచాడు. ఆమె తల అందలేదు. పక్కకి దొర్లితే అందుతుంది, కానీ దొర్లడానికి ధైర్యం చాలలేదు.

"ఎనిమిది గంటలకొకటి, అంతకుముందు ముట్టుకోవద్దని రాసి గోడకి అంటించా. ఇదిగో, ఇప్పుడు నీ కాగితం ఉందే, అక్కడే. మాత్రల షీటు ఎప్పుడూ నా బ్యాగులోనే పెట్టుకునేదాన్ని. ఆ రోజు షాపులో ఇంకొకమ్మాయి రాలేదు, పొద్దుణ్ణుంచి రాత్రి దాకా నేనే ఉండాల్సొచ్చింది. షీటు అమ్మకిచ్చి, గడియారం చూసి ఇవ్వమ్మా అని చెప్పి వెళ్ళా. తిరిగొచ్చేసరికి అన్నయ్య గురకపెడుతున్నాడు. ఎన్నాళ్ళకి హాయిగా నిద్రపోతున్నాడో అనుకుని దుప్పటి కప్పా." ఆమె మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. "అది నిద్ర కాదు నాన్నా. ఊపిరి అందని గురక అలాగే ఉంటుంది. నేను చదువుకున్నాను దాన్ని. పరీక్షలో రాశాను. నా చేత్తో దుప్పటి కప్పాను."

ఆయన కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారాయి. వెల్లకిలా పడుకున్న మనిషికి కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా పెద్ద పనే.

"తర్వాత షీటు చూశా" అంది ఆమె. "ఆ పూటకి రెండు వాడాలి. అయిదు లేవు. మూడు ఎక్కువ తీసుకున్నాడు. అమ్మ పెరట్లో ఉన్నప్పుడు లేచి తీసుకుని ఉంటాడు. వాడికి అందేచోట పెట్టొద్దని అమ్మకి నేను చెప్పలేదు. అదీ నా తప్పే."

"అమ్మనడిగావా?"

"ఎలా అడగను? అడిగితే ఎందుకడుగుతున్నావంటుంది. గుండె అన్నాం, నమ్మింది. అలాగే ఉండనీ." ముక్కు చీదుకుంది. "నీకు వారం రోజులు గట్టి మందిచ్చినా భయం లేదన్నాడు డాక్టరు. మేం దగ్గరుండి చూసుకుంటాం కదా అన్నాడు. నిజమే. నాకే భయం నాన్నా. ఆ మాత్ర ఈ ఇంటి గడప తొక్కడం నేను చూడలేను. ఇవీ పనిచేస్తాయి, కాస్త నిదానంగా. నువ్వు అరుస్తుంటే నేను గుమ్మం బయట ఉన్నమాట నిజమే. లోపలికొస్తే సరేనంటానేమోనని బయటే నిలబడ్డా."

 గడియారాలాయనకి కూతురి మీద పెట్టుకున్న కోపమంతా సిగ్గయిపోయింది. అయిదేళ్ళు ఈ పిల్ల ఇదంతా మోస్తూ రోజూ షాపుకి వెళ్ళి ఊరందరికీ మాత్రలు ఇస్తూ వచ్చిందా? ఒకే ఇంట్లో ఉండి, ఒకే చోట అన్నం తింటూ తనకి తెలియలేదా?

"నువ్వు చంపలేదమ్మా" అన్నాడు. ఆ సమయంలో ఏ తండ్రైనా అనే మాటే. అందులో నిజమెంతో ఆయనకీ తెలియదు.

"మూడు మాత్రలు నాన్నా" అంది ఆమె. "మూడే."

సరిగ్గా అప్పుడే గడియారం మోగింది.

లెక్కపెట్టడం ఆయనకి ఊపిరి పీల్చుకోవడం లాంటిది. పెట్టకూడదనుకున్నా ఆగదు. ఒకటి, రెండు, మూడు. అక్కడ ఆగాలి. ఆగలేదు. నాలుగు, అయిదు, ఆరు. ముళ్ళు మూడు మీదున్నాయి. మూడు ఎక్కువ. ఆవిడ మూడుసార్లు తిప్పింది కాబట్టి మూడు ఎక్కువ, ఇందులో వింతేముంది అనుకున్నాడు. అనుకుంటూండగానే, మూడు ఎక్కువన్న లెక్క ఇదివరకోసారి ఇదే గడియారంలో చూసినట్టు తోచింది.

ఆ రోజు. గదినిండా మనుషులు. ముళ్ళు పది మీదున్నాయి. గడియారం ఒక్కటంటే ఒక్కటే కొట్టి ఊరుకుంది. అందుకే లేచాడు. స్టూలెక్కి పదికి తెచ్చేదాకా కొట్టించాడు. పది కొట్టాల్సింది ఒకటి కొట్టింది. పది, పదకొండు, పన్నెండు, ఒకటి. మూడు ముందుకి. ఇంట్లో జనం తిరుగుతుంటే ఎవరి చెయ్యో తగిలి ఉంటుందని అప్పుడు అనుకున్నాడు. తర్వాత ఆ సంగతే తలుచుకోలేదు.

గడియారానికి చెయ్యి తగిలితే అది ఆగుతుంది. లెక్క ముందుకి పోదు. లెక్క ముందుకి పోవాలంటే ఎవరో ముల్లు తిప్పాలి. వెనక్కి. ఒక్కొక్క గంటకి ఒక్కొక్కసారి.

బిడ్డ ముఖం చూడలేక ముల్లు ముందుకి తోసి ఉంటుంది. మాత్ర ఇచ్చి ఉంటుంది. వాడు కళ్ళు మూసుకోగానే వెనక్కి తిప్పి ఉంటుంది. వాడు లేచి చూసేసరికి ముళ్ళు మళ్ళీ అక్కడికే వచ్చి ఉంటాయి. "టైమయిందమ్మా, మాత్రేదీ" అని ఉంటాడు. వాడికి గదుల డబ్బా లేదు. ఆవిడ చేతిలో నిండు షీటుంది. *డబ్బాలో లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే మీ ముఖం చూసి మళ్ళీ ఇచ్చేసేదాన్నే.* నిన్న ఆ మాటకి తను నవ్వాడు కూడా.

ఆయనకి ఒళ్ళంతా చెమటపట్టింది. కూతురు లేచి ముఖంలోకి చూసింది.

"నాన్నా? ఎంత? ఎంతుంది?"

"తొమ్మిది."

"ఇందాక అయిదన్నావు!"

 మెట్ల మీద చెప్పుల చప్పుడు, వెంటనే వంటింట్లో ఫ్రిజ్ తలుపు చప్పుడు వినిపించాయి. భార్య తువ్వాలులో చుట్టిన ఐసు సంచీ పట్టుకుని లోపలికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. ఇద్దరి కళ్ళూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైందే? ఎందుకేడుస్తున్నారిద్దరూ? నొప్పెక్కువైందా? నాకో కేక పెట్టొచ్చుగా. అప్పుడే మూడయిందా, గంటలు ఎంతకీ ఆగకపోయేసరికి పైనుంచి పరుగెత్తుకొచ్చా."

"అవునమ్మా" అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ. ఇంకో మాట దొరికినందుకు ఆమెకి కాస్త ఊపిరాడినట్టుంది. "మూడింటికి ఆరు కొట్టింది. చూడు ముళ్ళు."

"ఆయన మంచమెక్కేసరికి దానికి భయం పోయింది." ఆవిడ ఐసు సంచీ కూతురి చేతికిచ్చి, కొంగుతో భర్త నుదురు తుడిచింది. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో ఆయనకి అప్పుడు భరించరాకుండా తెలిసింది. ఈ మనిషికి ఏమీ తెలియదు. తెలిసుంటే మళ్ళీ ఆ గడియారం జోలికి పోయేదా? గుండె ఆగిందని చెబితే నమ్మి, అయిదేళ్ళుగా ఈ గదిలోనే ఊడుస్తూ, తుడుస్తూ, కొడుకు పడుకున్న మంచం మీద మొగుణ్ణి పడుకోబెట్టుకుని, కొడుక్కి చేసిన ఉపకారమే ఆయనకీ చేస్తోంది.

చెబితే కూతురు బతుకుతుంది. చెబితే ఈవిడ బతకదు. మధ్యలో తను, పక్కకి దొర్లడానికి కూడా ఇంకొకరి చెయ్యి కావాల్సిన మనిషి.

"అయినా దీనికో మందుందిలే" అంటూ ఆవిడ స్టూలు లాక్కుంది. "ఓసారి వెనక్కి తిప్పి మళ్ళీ కొట్టిస్తే అదే సర్దుకుంటుంది."

"వద్దు" అన్నాడాయన.  "ముట్టుకోకు. వద్దు!"

దొర్లాలన్న సంగతి మరిచిపోయి ఒక్కసారిగా లేవబోయాడు. వెన్నులో నిప్పు రగిలినట్టయి మళ్ళీ దిండు మీద పడ్డాడు. కూతురు, "నాన్నా, మెలితిప్పకు!" అని అరిచి భుజాలు పట్టుకుంది. ఆవిడకి ఇదంతా నొప్పి చిరాకనే అనిపించింది. అప్పటికే స్టూలెక్కి అద్దం తలుపు తీసింది. ఎన్నోసార్లు చేసిన పనిలా, చూడకుండానే, చూపుడువేలితో పెద్దముల్లుని వెనక్కి తెచ్చి, మళ్ళీ ముందుకి తోసింది.

గడియారం ఏడు కొట్టింది.

ఐసు సంచీ కూతురి చేతిలోంచి జారి మంచం మీద పడింది. ఆమె గడియారం వైపు చూసింది, తల్లి వేలు వైపు చూసింది. పెదవులు కదిలాయి. మాత్రలు లెక్కపెట్టేటప్పుడు అలాగే కదులుతాయి.

"ఇందాక ఆరు, ఇప్పుడు ఏడు" అంది మెల్లగా. "వెనక్కి తిప్పిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుందా నాన్నా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఏంటే మీ ఇద్దరి గొడవ?" అంది స్టూలు మీదినుంచి భార్య, వేలు ఇంకా ముల్లు మీదే ఉంచి, నవ్వబోతూ.

కూతురు తల్లి వైపు తిరగలేదు. తండ్రి మీదికి వంగి, ఆయన భుజాలు వదలకుండా, ఆయనకి మాత్రమే వినిపించేంత చిన్నగా అడిగింది.

"అన్నయ్య పోయినరోజు నువ్వు సరిచేశావే, అప్పుడు ఎన్ని ఎక్కువ కొట్టింది, నాన్నా?"